సోఫాలో మొగుళ్లు, లైవ్‌లో సుందరి గారు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేను చెప్పడం కాదు, మా ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. వైఫై రావడం లేదని ఫోన్ చేసి, ప్లగ్గు పెట్టారా అండీ అని అడిగితే "దానికి ప్లగ్గు కూడా పెట్టాలా" అనేవాళ్లతో ఆరేళ్లుగా వేగుతున్నదాన్ని. కోపం రాకపోతేనే వింత. పేరు మాత్రం బ్లెస్సీ. మా అమ్మ ఎంతో ఆశపడి పెట్టుకుంది, పాపం.

బెంజ్ సర్కిల్‌కి రెండు సందుల అవతల సత్యం గారి చీరల షాపు ఉంది. మూడంతస్తులు. అంతస్తుకొకటి చొప్పున మూడు యాక్సెస్ పాయింట్లు బిగించింది నేనే. పైకప్పుకి అంటుకుని తెల్ల పళ్లెంలా ఉంటాయి చూడండి, అవి. వైఫై వాటిలోంచే వస్తుంది. షాపులో సగం మంది వాటిని పొగ వస్తే మోగే గంటలనుకుంటారు. అనుకుంటే అనుకున్నారు, తువ్వాళ్లు ఆరేయకుండా ఉన్నారు, అదే పదివేలు.

ఒక శనివారం పొద్దున్నే సత్యం గారు ఫోన్ చేశారు. ముందురోజు లైవ్ మళ్లీ ఆగిపోయిందట, నేను పెట్టిన డబ్బాలు డబ్బాల్లాగే ఉన్నాయట. లైవ్ అంటే ఏమిటో చెప్పాలి. ఆ షాపులో ప్రతి శుక్రవారం పదకొండు గంటలకి మొదటి అంతస్తులో ఫోన్ పట్టుకుని తిరుగుతూ చీరలు చూపిస్తారు, ఊళ్లలో ఉన్న ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చూసి, నచ్చినది చెప్పి తెప్పించుకుంటారు. చూపించేది బాలత్రిపురసుందరి గారు. యాభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనట్టుంటుంది, కానీ చీర చేతిలోకి తీసుకుంటే ఆ చేతులే మాట్లాడతాయి. ఆ శుక్రవారం ఆవిడ నోరు తెరిచి, ఒక చెయ్యి పైకెత్తి, కళ్లు సగం మూసి, మూడు వందల మంది ముందు నాలుగు నిమిషాలు బొమ్మలా బిగుసుకుపోయారు. నెట్ ఆగిపోతే అంతేగా మరి. ఎవరో పుణ్యాత్ములు ఆ బొమ్మని ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పారు కూడా.

నేను వెళ్లేసరికి సత్యం గారు కౌంటర్ దగ్గర మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. వరసగా మూడు వారాలు లైవ్ ఆగిందని, వచ్చే శుక్రవారం ఒక్కటి చూస్తానని, అదీ ఆగితే లైవ్ ఎత్తేసి, మూలన ఉన్న నేత చీరల రాక్ తీసేసి అక్కడ లెగ్గింగులు పెడతానని చెప్పారు. కొత్త లైను పెట్టించండి సార్ అన్నాను. ముందు ఉన్నదాంతో చేసి చూపించమన్నారు. నాకు ఒళ్లు మండింది గాని, సరేనన్నాను.

లెగ్గింగుల మాట వినగానే సుందరి గారి మొహం పాలిపోవడం చూశాను. తర్వాత టీ తాగేచోట ఆవిడ మెల్లగా నా పక్కకి వచ్చి, ఎవరూ లేరని చూసుకుని అసలు సంగతి చెప్పారు. ఆ రాక్‌లో చీరలు పెడనలో ఆవిడ పుట్టింటి వీధిలో నేసినవి. ఆ వీధిలో ఇప్పుడు ఆడుతున్నవి ఐదు మగ్గాలే. అందులో ఒకటి ఆవిడ అన్నయ్య ధనుంజయ్‌ది. రెండేళ్ల కిందట తెలిసినవాళ్ల సరుకని చెప్పి సత్యం గారిని బతిమాలి ఆ మూల సంపాదించారు. తన అన్నయ్య అని మాత్రం చెప్పలేదు. చెబితే, సొంతవాళ్ల సరుకు తెచ్చి షాపులో దూర్చిందంటారని భయం. షాపుకొచ్చేవాళ్లు ఆ మూలకి వెళ్లరు, మిలమిల మెరిసేవే చూస్తారు. ఆ చీరలు అమ్ముడుపోయేది లైవ్‌లోనే.

"కంకిపాడు గోడౌన్లో వాచ్‌మన్ పనికి రమ్మంటున్నారంట మా అన్నయ్యని. వచ్చే శనివారానికల్లా ఏ సంగతీ చెప్పాలంట. రాక్ తీసేస్తే మగ్గం అమ్మేసి పోతానంటున్నాడమ్మా. ఆయన చేతికి లాఠీ కర్ర ఏం బాగుంటుంది చెప్పు."

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకది ఒక సర్వీస్ కాల్. ఆ మాటతో టీ గ్లాసు కింద పెట్టేశాను. శుక్రవారం లైవ్ ఆగదండీ, నాదే పూచీ అని చెప్పేశాను. చెప్పాక భయమేసింది, అది వేరే విషయం.

సోమవారం పదకొండింటికి ల్యాప్‌టాప్ తీసుకుని మొదటి అంతస్తులో కూర్చున్నాను. యాక్సెస్ పాయింట్‌కి ఎన్ని ఫోన్లు తగులుకున్నాయో, ఏది ఎంత లాగుతోందో అందులో కనిపిస్తుంది. యాభై ఎనిమిది ఫోన్లు. అన్నిట్లోనూ వీడియోలే. ఇంతమంది చీరలు కొనడానికొచ్చి వీడియోలు చూస్తారా అని తలెత్తి చూశాను. అప్పుడు కనిపించారు మహానుభావులు.

పెళ్లి చీరలకి మనవాళ్లు ఎలా వస్తారో తెలిసిందేగా. ఒక్క చీరకి ఎనిమిది మంది. ఆడవాళ్లు తెల్ల పరుపుల మీద కూర్చుని, కొండలా పరిపించి, అందులోంచి రెండు తీసి పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి చూస్తారు. మగవాళ్లకి అక్కడ పనిలేదు. వాళ్ల కోసం మెట్ల పక్కన పొడుగ్గా సోఫాలు, చేతిలో చల్లటి మజ్జిగ. మూడు గంటలు, నాలుగు గంటలు కదలరు. ప్రతివాడి చేతిలో ఫోను. ఒకాయన క్రికెట్టు, ఒకాయన కోడి కూర వండే వీడియో, ఒకాయన ఎవరో చెరువులో చేప పట్టడం. సుందరి గారు లైవ్ చేసే పరుపు ఆ సోఫాలకి ఇరవై అడుగుల దూరం. ఆ గోడల మధ్య ఫోన్ మాటలు వినబడతాయి గాని సిమ్ నెట్ అందదు, అందరికీ దిక్కు పైన ఉన్న ఒకటే యాక్సెస్ పాయింట్. వీళ్లు చేపలు పడుతుంటే ఆవిడ చీర ఎక్కడ కదులుతుంది?

పట్టానురా దొంగల్ని అనుకున్నాను. నా పని మీకు రెండు ముక్కల్లో చెబుతాను. ఫోనులో మనం చూసే ప్రతిదీ చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. వాటిని ప్యాకెట్లంటారు. ఒక్కో ప్యాకెట్ మీద ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి ఉంటుంది, కొరియర్ పార్సిల్ మీద అడ్రసులాగా. యాక్సెస్ పాయింట్‌లో ఫిల్టర్ పెడితే అది ప్రతి ప్యాకెట్‌నీ చూసి, నేను రాసిన రూల్ ప్రకారం ఇది పోనీ, ఇది ఆపు అని తేలుస్తుంది. ఆ షాపులో రెండు వైఫైలు ఉన్నాయి, కస్టమర్లకొకటి, స్టాఫ్‌కొకటి. కస్టమర్ల దాంట్లో వీడియో యాప్‌ల ప్యాకెట్లన్నీ ఆపెయ్యమని రూల్ రాశాను. మెసేజ్‌లు వెళ్తాయి, ఫోన్‌లో డబ్బు కట్టొచ్చు, వీడియో మాత్రం రాదు. ముందు ఒక దారి మూస్తే ఆ యాప్‌లు ఇంకో దారిలో వచ్చాయి. దాన్నీ మూశాను. చేప పట్టే ఆయన ఫోనుని రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మంగళవారం ట్రయల్ వేశాం. నా ఫోనుకి మాత్రమే కనబడేలా సుందరి గారు లైవ్ పెట్టారు. పచ్చ చీర తీసి కొంగు విప్పుతుండగా మళ్లీ బిగుసుకుపోయారు, ఈసారి నాలుక బయటపెట్టి. నా తల ప్రాణం తోకకొచ్చింది. రూల్ సరిగ్గానే ఉంది. కస్టమర్ల వైఫైలో ఒక్క వీడియో లేదు, అసలు ఫోన్లే లేవు. ఉన్నవి నాలుగు. తక్కినవన్నీ ఎక్కడికి పోయాయని చూస్తే, స్టాఫ్ వైఫైలో నలభై ఏడు. షాపు స్టాఫ్ పదహారు మంది.

సేల్స్‌మెన్ అందర్నీ నిలబెట్టి అడిగాను, పాస్‌వర్డ్ ఎవరిచ్చారని. ఒకళ్లని చూసి ఒకళ్లు నవ్వుకున్నారు. అందరూ ఇచ్చారట. పాపం బావగారికి వీడియో రావట్లేదంటే ఎలా ఇవ్వకుండా ఉంటామండీ అన్నాడొకడు. ఏ బావగారని అడిగితే పేరు తెలియదట. కస్టమర్ లోపలికి అడుగుపెడితే చాలు, ఆడవాళ్లు అక్కయ్యగార్లు, మగవాళ్లు బావగార్లు. అక్కయ్యగారు చీర కొంటుంటే బావగారికి లేదని చెప్పడం మర్యాద కాదట. ఏ పుస్తకంలోనూ ఇలాంటి సెక్యూరిటీ సమస్య రాసి లేదు. హ్యాకర్లని ఆపడం నాకు వచ్చు గాని మన మర్యాదల్ని ఆపడం ఎవరి తరం?

పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు, మళ్లీ ఇచ్చేస్తారు. ప్రతి ఫోనుకీ లోపల ఒక నంబరు ఉంటుంది, ఆధార్ నంబర్ మనకున్నట్టు. స్టాఫ్ ఫోన్లు పదహారూ తెప్పించి, కొన్నిట్లో ఆ నంబరు తనంతట తాను మారిపోయే సెట్టింగు ఉంటే ఆపించి, అన్నీ జాబితాలో ఎక్కించాను. ఆ పదహారు, లైవ్ ఫోను ఒకటి, ఈ పదిహేడు తప్ప స్టాఫ్ వైఫైలో ఎవరి ప్యాకెట్ వచ్చినా పారెయ్యమని రూల్. ఇక పాస్‌వర్డ్ గోడ మీద రాసినా నాకు నష్టం లేదు. సాయంత్రం ఇంకో ట్రయల్ వేస్తే సుందరి గారు ఇరవై నిమిషాలు ఒక్క వణుకు లేకుండా కదిలారు. నేను ఇంటికి పాట పాడుకుంటూ వెళ్లాను.

బుధవారం మధ్యాహ్నం సత్యం గారు ఫోన్ చేసి ఒకటే మాటన్నారు, వెంటనే రమ్మని. వెళ్లాను. మొదటి అంతస్తులో పరుపులు సగం ఖాళీ. సోఫాల్లో ఎవరూ కూర్చుని లేరు. మొగుళ్లందరూ లేచి నిలబడి ఉన్నారు. ఒకాయన కిటికీలోంచి ట్రాఫిక్ చూస్తున్నాడు. ఇద్దరు భార్యల వెనకాల చేరి, ఇంకా ఎంతసేపు, ఇందాకటిదే బాగుంది, ఏదైతే ఏముంది అన్నీ ఒకలాగే ఉన్నాయి, కారు ఎండలో ఉంది అని చెవిలో జోరీగల్లా మొదలెట్టారు. నేను చూస్తుండగానే ఒక కుటుంబం ఆరు చీరలు కొనాల్సింది రెండు కొని లేచిపోయింది. ఆవిడ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి పరుపు వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

పొద్దుట్నించీ ఇదే వరస అన్నారు సత్యం గారు. నా ఫిల్టర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అందుకే షాపు మూతపడుతోంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ షాపులో అమ్మకాలు నడిపించేది సేల్స్‌మెన్ కాదు, మొగుళ్ల చేతుల్లో కదిలే బొమ్మలు. వాళ్లు అటు మునిగి ఉన్నంతసేపే ఆడవాళ్లకి తీరిక.

సత్యం గారు రూల్స్ అన్నీ తీసెయ్యమన్నారు. శుక్రవారం లైవ్ సంగతేంటి సార్ అంటే, ఒక్క రాక్ కోసం మూడంతస్తులు మూసుకోమంటావా అన్నారు. ఆయన మాటలో తప్పులేదు, అదే నాకు మరీ కోపం తెప్పించింది. సుందరి గారు అవతల చీరలు మడతపెడుతున్నారు. మడతపెట్టిందే విప్పి మళ్లీ మడతపెడుతున్నారు.

ఆ కోపంలో ఉండగా ఒకాయన నా దగ్గరికొచ్చి, వైఫై అమ్మాయివి నువ్వేనా అని అడిగారు. పేరు గోపీనాథ్, గన్నవరంలో ఎరువుల కొట్టు. మేనకోడలి పెళ్లికి చీరలు కొనడానికి భార్య మల్లీశ్వరి గారిని, వాళ్లవాళ్లు మరో ఐదుగురిని తీసుకొచ్చారు. వీడియో ఎందుకు ఆపావమ్మా, మేం ఏం పాపం చేశాం అని దండకం ఎత్తుకున్నారు. నేనూ తగ్గలేదు. మీరు చేపలు పట్టే వీడియో చూడటం వల్ల అక్కడ ఒకావిడ పని పోతోందని మొహం మీదే చెప్పాను. ఆయన కాసేపు సుందరి గారి వైపు చూసి, గొంతు తగ్గించారు.

"చేపలే చూడాలని మాకేం లేదమ్మా. ముప్ఫయ్యేళ్ల నించి ఈ సోఫాల్లో కూర్చుంటన్నా. కళ్ల ముందు ఏదో ఒకటి కదుల్తా ఉంటే చాలు, కూర్చుంటాం."

ఏదో ఒకటి కదులుతూ ఉంటే చాలట. సోఫాకి ఎదురుగా గోడ మీద పెద్ద టీవీ ఉంది. అందులో పొద్దుట్నించి రాత్రి దాకా షాపు అడ్వర్టైజ్‌మెంటు, శబ్దం లేకుండా, అదే పెళ్లికూతురు అదే మెట్లు దిగుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ వాళ్ల కళ్ల ముందు ఏది కదలకూడదో ఆలోచించానుగాని, ఏది కదలాలో ఆలోచించలేదు.

సత్యం గారి దగ్గరికి వెళ్లి బేరం పెట్టాను. రూల్ తీసేస్తాను, కాని పూర్తిగా కాదు. శుక్రవారం పది యాభై నుంచి పన్నెండు దాకా మాత్రం వీడియోలు ఆగుతాయి, మిగతా వారమంతా బావగార్లు ఏం చూసుకున్నా నా అభ్యంతరం లేదు. ఆ గంట సేపు వాళ్లు సోఫాల్లోంచి లేవకుండా చూసే పూచీ నాది. లేస్తే మధ్యలోనే అంతా తీసేసి, నా డబ్బాలు కూడా ఊడదీసుకుని పోతాను. ఆయన గడ్డం గోక్కుని, ఒక్క గంటే అన్నారు.

గురువారం నేను, మా ఆఫీసులో వైర్లు లాగే ఇశ్రాయేలు గారు కలిసి, నెట్ లైను వచ్చే కింది రూమ్ నుంచి ఆ టీవీకి వైరు లాగాం. వైఫైతో సంబంధం లేకుండా టీవీకి నెట్ వైరులోంచే వస్తుంది, సుందరి గారి ఫోనుకి అడ్డం రాదు. టీవీలో సుందరి గారి లైవే పెడతాం, శబ్దంతో సహా. సంగతి చెబితే ఆవిడ హడలిపోయారు. ఎక్కడో ఉన్నవాళ్లకి చూపించడం వేరు, ఎదురుగా ఇంతమంది మగవాళ్ల ముందు నా మొహం అంత పెద్దగానా అన్నారు. మీ మొహం కాదండీ, మీ అన్నయ్య గారి చీర అన్నాను. ఆవిడ రాక్ దగ్గరికి వెళ్లి చీరలు ఏరడం మొదలెట్టారు.

శుక్రవారం షాపు కిటకిటలాడింది. బుధవారం తొందరపెట్టి లేవదీసిన కుటుంబాలన్నీ మిగిలిన చీరల కోసం మళ్లీ వచ్చాయి. గోపీనాథ్ గారు కూడా వచ్చి సోఫా మూల కూర్చున్నారు. పది యాభైకి ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సోఫాల్లో గొణుగుడు మొదలైంది. ఇద్దరు లేచి ప్యాంట్లు సర్దుకున్నారు. సత్యం గారు కౌంటర్ వెనక నుంచి నా వంకే చూస్తున్నారు. నేను నమ్ముకున్న దేవుడిని తలుచుకుని టీవీ మార్చాను.

తెర మీద సుందరి గారు. వెనకాల పరుపుల మీద ఆడవాళ్లు. లేచి నిలబడ్డ ఒకాయన తెర వైపు వేలు చూపించి, అది మా ఆవిడ కదా అన్నాడు. అంతే, అందరూ తమ తమ భార్యల్ని వెతుక్కోవడం మొదలెట్టారు. లైవ్‌లో జరిగింది టీవీలోకి రావడానికి పది, పన్నెండు సెకన్లు పడుతుంది. ఎదురుగా భార్య ఎర్రచీర భుజాన వేసుకుని తీసేశాక, టీవీలో అప్పుడే వేసుకుంటుంది. అది వాళ్లకి ఎంత నచ్చిందంటే, అటొకసారి ఇటొకసారి చూసుకుంటూ, తీసేస్తుంది చూడండి అని ముందే పందాలు కాసుకున్నారు. లేచినవాళ్లు కూర్చున్నారు.

సుందరి గారి గొంతు మాత్రం వణుకుతోంది. ప్రతి వారం ఫోనులోకి చూసి చదివినట్టు చెప్పే మనిషి. ఇది కాటన్ అండి, ఇది అంచు అండి అంటున్నారు గాని ప్రాణం లేదు. అప్పుడు సోఫాలోంచి గోపీనాథ్ గారు గట్టిగా అడిగారు. ఎరువుల కొట్టు మనిషి కదా, ఏదైనా ఎక్కడ తయారైందో తెలియాలి ఆయనకి.

"ఎవరు నేశారమ్మా ఇది?"

సుందరి గారు ఆగిపోయారు. నెట్ పోయిందేమోనని తెర వంక చూశాను. నెట్ బాగానే ఉంది. ఆగింది ఆవిడే. ఒకసారి కౌంటర్ వైపు చూశారు, సత్యం గారి వైపు. తర్వాత చేతిలో చీర వైపు చూసుకున్నారు.

"మా అన్నయ్య నేశాడండి. పెడనలో. నూలు కండెలు మా వదిన చుడుతుంది."

షాపులో సేల్స్‌మెన్ అందరూ తలెత్తారు. సత్యం గారు చేతిలో పెన్ను కింద పెట్టారు. ఇంక దాచేదేముంది అనుకున్నారేమో, సుందరి గారు ఫోనుని పక్కవాళ్ల చేతికిచ్చి, రెండు చేతులా చీర విప్పారు. పడుగులో ఎన్ని పోగులుంటాయో, అంచు దగ్గర దారం తెగితే అన్నయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఎలా ముడేస్తాడో, వాన పడితే పోగు బిగుసుకుని మగ్గం ఎలా మొరాయిస్తుందో చెప్పడం మొదలెట్టారు. సోఫాల్లో ఒక్కరూ కదలడం లేదు. వాళ్లందరిదీ ఏదో ఒక పని, పొలమో కొట్టో వర్క్‌షాపో. పని గురించి చెబుతుంటే వింటారు. ఒకాయన ఒక చీరకి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు, ఇంకొకాయన మగ్గం కరెంటుతో నడుస్తుందా అని అడిగాడు. అటు ఫోనులో చూసేవాళ్లు మూడు వందల నుంచి ఎనిమిది వందలయ్యారు. చీరలు ఒక్కొక్కటే పోతున్నాయి. నేను యాక్సెస్ పాయింట్ లెక్క చూస్తూ కూర్చున్నాను. ఒక్క ప్యాకెట్ కూడా తడబడలేదు. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చివర్లో నెమలికంఠం రంగు చీర తీశారు. గోపీనాథ్ గారు బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తారు, అది నాకు పక్కన పెట్టమ్మా అని. ఫ్లోరు ఆ చివర పరుపు మీద మల్లీశ్వరి గారు చేతిలో పట్టుచీర వదిలేసి లేచారు. పెళ్లయిన ముప్ఫయ్యేళ్లలో ఈయన ఒక్క జేబురుమాలు కూడా సొంతంగా కొన్నది లేదట. వచ్చి, ఆ చీర తీసుకుని, వెలుతురులో పెట్టి, తిప్పి, కొంగు చూసి, అంచు గిల్లి, ఏదైనా లోపం దొరుకుతుందేమోనని ఐదు నిమిషాలు వెతికారు. దొరకలేదు. దాంతో ఆవిడకి ఆయన మీద ఇంకొంచెం కోపం వచ్చింది. చీర మాత్రం చంకలో పెట్టుకుని మరీ వెళ్లారు.

పన్నెండుకి రూల్ దానంతటది తొలగిపోయింది. వీడియోలు మళ్లీ వచ్చాయని సోఫాల్లో ముగ్గురో నలుగురో గమనించారు. రాక్‌లో ఒక్క చీర లేదు.

సత్యం గారు నా దగ్గరికి వచ్చారు. అన్నయ్య సంగతి ముందే చెబితే నేనేమైనా తినేస్తానా అని సుందరి గారి మీద ఒక విసురు విసిరి, నా వైపు తిరిగి, ఆ రూలు శుక్రవారానికే ఎందుకు, వారమంతా పెట్టెయ్యమన్నారు. రేపట్నుంచి రోజూ లైవేనట. నేను ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తెరిచి, ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు గళ్లలోనూ టిక్కులు పెట్టాను. సేవ్ చేయబోతుంటే సుందరి గారి చెయ్యి వచ్చి ల్యాప్‌టాప్ మీద పడింది.

"ఆగమ్మా. రోజూ అంటే కుదరదండి సత్యం గారూ. ఒక్క చీర మగ్గం దిగాలంటే మూడు రోజులు. ఉన్నవి ఐదు మగ్గాలు. వారానికి పది, మహా అయితే పన్నెండు వస్తాయి."

తక్కిన రోజులు వేరే సరుకు చూపిద్దాం, మరమగ్గం మీదివి కూడా ఇలాగే ఉంటాయి, లైవ్‌లో ఎవరికి తెలుస్తుంది అన్నారు సత్యం గారు. లెగ్గింగుల మాటకి మొహం పాలిపోయిన మనిషి ఈవిడేనా అని నేను చూస్తుండిపోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నాకు తెలుస్తుందండి. ఇవాళ వీళ్లంతా నా మాట నమ్మి కొన్నారు. శుక్రవారం ఒక్కటే ఉంచండి. ఆ వీధిలో ఆగిపోయిన మగ్గాలు ఇంకో ఏడున్నాయి. ముందు వాటిని లేపనివ్వండి, అప్పుడు రెండో రోజు సంగతి చూద్దాం."

సత్యం గారు ఆవిడ వంక, ఖాళీ రాక్ వంక, సోఫాల వంక చూశారు. తర్వాత నాతో, ఆవిడ చెప్పినట్టే పెట్టమ్మా అని కౌంటర్‌కి వెళ్లిపోయారు. ఆయన ఒకరి మాట అంత తొందరగా వినడం నేను అప్పుడే చూశాను.

నేను టిక్కులు ఒక్కొక్కటే తీసేస్తుంటే, సుందరి గారు లైవ్ ఫోను పక్కన పెట్టి, తన ఫోనుతో మెట్ల మీద కూర్చుని పెడనలో అన్నయ్యకి చేశారు. మొదట్లో పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అవతల ధనుంజయ్ గారు కంగారుగా ఏమైందే, ఏమైందే అనడం నాక్కూడా వినిపించింది. ఆవిడ ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఏం కాలేదు. అన్నీ పోయినయ్. గోడౌన్ వాళ్లకి రానని చెప్పెయ్యి. పక్కింటివాళ్లని కూడా మగ్గం దులుపుకోమను. ఏడుపెందుకన్నయ్యా నీకు, ఏడిస్తే పోగు కనపడదు. వచ్చే శుక్రవారం పొద్దున పదింటికల్లా నా చేతికి పది చీరలు రావాల."